నూనె పైకెక్కేదాకా

ఆటోనగర్‌లో రేకుల షెడ్డు వెనక
మా బండి నిలబడి రెండేళ్ళు దాటింది.
ముందు అద్దానికి ఎడమ పక్క గుణదల మేరీమాత,
కుడి పక్క కొండమీది దుర్గమ్మ.
ఎవరి బొమ్మ వాళ్ళం తెచ్చి అంటించుకున్నాం.
కింద కట్టే నిమ్మకాయలకి మాత్రం
ఇద్దరం డబ్బులేసుకునేవాళ్ళం.

జోజికీ నాకూ చెడింది నాగపూర్ ట్రిప్పులో,
రెండు టైర్ల లెక్క దగ్గర.
కొత్తవి పోయి రీబటన్లు ఎట్టా వచ్చాయని అడిగాను.
అడగాల్సిన మాటే.
దాబాలో అందరూ తినడం ఆపి చూసేట్టు అడిగాను.
అప్పట్నించి
అమ్మడానికి వాడు సంతకం పెట్టడు,
తోలడానికి నేను ఒప్పుకోను.

నెలకి రెండు ఆదివారాలు
పటమట నుంచి సైకిలేసుకొచ్చి తాళం తిప్పుతాను.
ముందు దగ్గుద్ది. ఆనక ఒళ్ళంతా ఒకసారి జాడిస్తది.
కింద పడుకున్న కుక్క లేచి నా వంక చూసి
ఇంకో లారీ కిందికి మారుద్ది.
అప్పుడు మొదలవుద్ది, లోపల పైనెక్కడో,
టిక్ టిక్ టిక్ టిక్
గోడవతల ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు.

మొదటిసారి భయపడి సిలార్ మేస్త్రిని పిలిచాను.
మూరెడు స్క్రూడ్రైవరు కొన ఇంజను నెత్తిన పెట్టి
పిడి తన చెవి వెనక ఎముకకి ఆనించి
కళ్ళు మూసుకున్నాడు.
చుట్టూ సుత్తులు, వెల్డింగు చిటపటలు,
పక్కన బాడీ కట్టేవాళ్ళ రంపం.
ఆయనకి మాత్రం ఊరంతా నిద్రపోతున్నట్టుంది.

"జబ్బేం కాదు. వాడని బండి.
నూనంతా కింద గిన్నెలోకి దిగిపోయింది.
పైన ట్యాపెట్లు ఎండి, కొట్టుకుంటున్నాయి.
అది అంత ఎత్తు ఎక్కి రావొద్దూ?
అప్పటిదాకా రేజ్ చేయమాకు. అట్టా వదిలెయ్."

ఇంజను సంగతే చెప్పాడు.
దాబా గుర్తొచ్చింది నాకు.

అప్పట్నించి లెక్కపెడతాను.
వానల్లో ముప్ఫై, ముప్ఫై రెండు.
సంక్రాంతి చలికి ఓసారి యాభై దగ్గరకొచ్చింది.
అంకెలు అయ్యేలోగా చప్పుడు పల్చబడి
ఎక్కడ ఆగిందో తెలీకుండా ఆగుద్ది.
పది నిమిషాలు నడిపించి, తాళం తీసి,
టీ తాగి ఇంటికి పోతాను.

ఈ ఆదివారం
తొమ్మిది దగ్గర ఆగిపోయింది.

నమ్మక, బండి ఆపి మళ్ళీ వేశాను.
ఈసారి అసలు మొదలే కాలేదు.
అప్పుడు చూసుకున్నాను,
నెత్తి క్యాబిన్ రేకుకి తగులుతోంది.
సీటు మీద నాలుగు మడతల గోతం.
గోతం లేకపోతే జోజికి రోడ్డు కనపడదు,
పొట్టివాడు, పాతికేళ్ళూ అట్టాగే తోలాడు.
అద్దం వైపు చూశాను.
మేరీమాత మీద దుమ్ము లేదు.
దుర్గమ్మ మీదా లేదు.
నేనెప్పుడూ నా పక్కే తుడిచాను.

సిలార్ రంపప్పొట్టుతో చేతులు రుద్దుకుంటున్నాడు.
"ఎన్నాళ్ళనుంచి వస్తున్నాడు?"
"నన్నేం అడగమాకు, రెడ్డయ్యా.
పోయిన నెల ఫిల్టరు మార్చా.
నాలుగొందల యాభై అయింది."

ఐదొందల నోటు తీసిచ్చాను.
గళ్ళ లుంగీ పైకెత్తి, నిక్కరు జేబులో వెతికి
రెండొందల డెబ్బై ఐదు
లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు.

గోతం తీయలేదు నేను.
మెడ వంచుకునే కూర్చుని
ఆ పది నిమిషాలూ నడవనిచ్చాను.